మూతెడు సారా

పోయిన వారం చెన్నకేశవులును మనం ఒక్క మార్కుతో వదిలిపెట్టినాం.

మార్కాపురం బయట తర్లుపాడు రోడ్డులో పాత పత్తి గోడౌనుకు సున్నం కొట్టి, కిటికీలకు చువ్వలు బిగించి, తాగుడు మాన్పించే కేంద్రం చేసినారు. నీళ్ళ ట్యాంకర్ తోలే కేశవులు అందులో చేరడం ఇది మూడోసారి. కౌన్సెలర్ ముబాషిరా మగోళ్ళందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి చిన్ననాటి గురించి పది ప్రశ్నలు అడిగింది. ఇంట్లో నిన్ను ఒళ్ళు కమిలేటట్లు కొట్టినారా? కడుపు మాడి పండుకున్నావా? ఇంట్లో తాగుబోతులున్నారా? చెయ్యకూడని పని నీ మీద ఎవరన్నా చేసినారా? అమ్మను కొడుతుంటే చూసినావా? అవునన్నోడు చెయ్యెత్తాల, ఎత్తిన చెయ్యికి ఒక మార్కు. చేతులు లేస్తానే ఉన్నాయి. గిద్దలూరు ఆటో మెకానిక్ వసీం తొమ్మిదింటికి ఎత్తి, "నాది డిస్టింక్షన్" అని నవ్వినాడు. నవ్వుతానే ఏడ్చినాడు. కేశవులు మాత్రం ఒక్కసారి ఎత్తినాడు. నాయన పిచ్చయ్య అమ్మను నడివీధిలో జుట్టు పట్టి ఈడ్చి కొట్టినాడు, అది చూసినా, అంతే. నాయన తాగుబోతే గానీ ఇంట్లో ఉన్నదెప్పుడని ఆ ప్రశ్నకు ఎత్తలేదు. నాయన ఇల్లొదిలి పోయినాడా అని అడిగితే, "పోయినాడు. అదొక కష్టమా మేడం? పీడ పోయింది" అని చెయ్యి ఒళ్ళోనే పెట్టుకున్నాడు. "మా అమ్మ నన్ను రాజు మాదిరి పెంచింది."

"ఒక్క మార్కుకు మూడు అడ్మిషన్లేందన్నా?" అన్నాడు వసీం. "నా పక్కన కూర్చునే అర్హత నీకు లేదు పో."

అందరూ నవ్వినారు. ఆ సాయంత్రమే నాగవేణి ఫోన్ చేసింది. కేశవులు పెండ్లాం. మార్కాపురంలో బట్టల దుకాణంలో పని చేస్తది, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"ఆదివారం వస్తన్నా. ఇంటికొచ్చిన ప్రతిసారీ ఎందుకు మళ్ళీ మొదలుపెడతావో నాకు చెప్పాల. చెప్తే తీసుకపోతా. 'ఏమో నాకే తెలీదు' అన్నావంటే పాపను ఎత్తుకోని కనిగిరి మా అమ్మోళ్ళ ఇంటికి పోతా. మళ్ళీ రాను."

ఆదివారం వచ్చింది. జవాబు రాలేదు.

రాలేదంటే అతను వెతకలేదని కాదు. వారమంతా వెతికినాడు. బోరింగు కాడ పండ్లు తోముతా వెతికినాడు, ప్రార్థనలో కండ్లు మూసుకోని వెతికినాడు. కష్టాలు పడినోళ్ళు తాగుతారు. ఒప్పుకుంటాం. వసీంను వాళ్ళ మామ గొలుసుతో కట్టేసి కొట్టేటోడు, వాడు తాగినాడంటే అర్థముంది. మరి నాకేమైంది? అన్నం పెట్టే అమ్మ ఉంది. పాట పాడి నిద్రపుచ్చే అమ్మ ఉంది. ఒక్కనాడు చెయ్యెత్తి కొట్టలేదు. ఇంత ప్రేమలో పెరిగినోడు ఎందుకు తాగుతాడు? నేను పుట్టడమే చెడ్డోడిగా పుట్టినానేమో. నాగవేణికి అదే చెప్పాలేమో. అది చెప్తే ఆమె పాపను ఇంకా దూరం తీసుకపోతది గదా.

పాప పద్మజకు ఆరేళ్ళు. నాయన ఫోన్ చేస్తే "ట్యాంకర్ నాయనా" అని పిలుస్తది. ఆ పిలుపు కోసమే అతను ఈసారి ఒళ్ళు వణికినా, వాంతులైనా, గోడ గోకినా, గేటు దూకలేదు.

పొద్దున పదిన్నరకు గేటు కాడ ఆటో ఆగింది. ముందు నాగవేణి దిగింది. వెనక కేశవులు అమ్మ వెంకటసుబ్బులమ్మ దిగింది. పాప లేదు.

"పాపేది?" వరండా చువ్వల్లోంచి అరిచినాడు కేశవులు.

"దగ్గుతాంది. ఎండలో ఎందుకని పక్కింటి పద్మమ్మక్క కాడ ఇడిచినా," అంది నాగవేణి. మొగుని మొహం చూడలేదు.

గేటు మనిషి షరీఫ్ సంచీ అందుకున్నాడు. ఒకప్పుడు తాగుడు మానడానికి ఇదే గోడౌనులో పండుకోని లేచినోడు. ఎవరు ఏ రూపంలో లోపలికి ఏం తెస్తారో అతనికి తెలియంది లేదు. కొబ్బరిబోండాంలో తెచ్చినోళ్ళను పట్టినాడు, చంటిపిల్ల పాలసీసాలో తెచ్చినోళ్ళను పట్టినాడు.

"ఏం తెచ్చినావు పెద్దమ్మా?"

"జొన్నరొట్టెలు, గోరుచిక్కుడు కూర. తింటావా నాయనా, నీక్కూడా ఉండాయి."

"పెట్టు పెట్టు. ముందు చూడనీ." డబ్బా మూత తీసి వాసన చూసినాడు. నీళ్ళ సీసా వాసన చూసినాడు. సంచీ అడుగున చెయ్యి పెట్టి, గోధుమరంగు దగ్గు సిరప్ సీసా ఒకటి తీసినాడు. బిరడా తిప్పి ముక్కు కాడ పెట్టుకున్నాడు. మొహం మారిపోయింది.

"మేడం! ఒకసారి ఇట్ల రండి."

ముబాషిరా వచ్చింది. మార్కాపురం పిల్లే, చెరువు వీధిలో వాళ్ళ నాయనకు చెప్పుల దుకాణం. పెద్ద చదువు చదివి, ఇదే ఊర్లో తాగుబోతుల మధ్య కూర్చుంటానంటే వాళ్ళమ్మ ఖాతూన్‌బీ మాట్లాడడం మానేసింది, ఇప్పుడిప్పుడే మళ్ళీ మాట్లాడుతాంది. సీసా వాసన చూసింది. వాము వాసన. బెల్లం వాసన. వాటి కింద ఇంకోటి.

"ఇది సారా పెద్దమ్మా."

వరండాలో కూర్చున్న మగోళ్ళందరి మెడలూ ఒక్కసారి తిరిగినాయి.

"వాసన ఈడిదాకా వచ్చింది మేడం," అన్నాడు వసీం. "నా తొమ్మిది మార్కులు పదయ్యేటట్లున్నాయి. దాన్ని దూరంగా పెట్టండి."

నాగవేణి మొహం పాలిపోయింది. "అత్తా! కొడుకు తాగుడు మాన్పిస్తారని చేర్చిన చోటికి నువ్వు సారా తెస్తావా?"

"వానికి తెచ్చినానా? నాది. నా దగ్గుకు." ముసలామె సీసా కోసం చెయ్యి చాచింది. "ఇయ్యి తల్లీ. అది తాగుడు కాదు, మూత."

"మూతేంది?"

జవాబు అమ్మ చెప్పలేదు. కేశవులు చెప్పినాడు. చువ్వల వెనక నుంచి, నవ్వుతా, ఎదుటోళ్ళకు ఎంత చిన్న విషయం తెలియదే అన్నట్లు చెప్పినాడు.

"అది సారా కాదులే మేడం. దగ్గుకు పట్టేది. మూతెడు. నాకు అయిదేళ్ళప్పట్నుంచి పట్టింది మా అమ్మ."

వసీం చువ్వల మీద చెయ్యి తీసి వెనక్కి జరిగినాడు.

కేశవులు అందరి మొహాలూ చూసినాడు. ఇప్పుడు తానేం అన్నాడు? ఏం తప్పు మాట దొర్లింది? షరీఫ్ గడ్డం గోక్కుంటా నేల చూస్తన్నాడు. నాగవేణి కండ్లు ఇంతింత అయినాయి. ముబాషిరా సీసాకు బిరడా పెట్టి, చాలా మెల్లగా తిప్పింది.

"కేశవులన్నా, లోపలికి రా. నాగవేణక్కా, నువ్వూ రా. పెద్దమ్మా, మీరూ."

ముబాషిరా గదిలో నాలుగు కుర్చీలున్నాయి, ఫ్యాను తిరుగుతాంది, గాలి రావడం లేదు. ముసలామె కుర్చీలో కూర్చోలేదు, గోడకానుకోని కింద కూర్చుంది. కేశవులు కుర్చీలోంచి లేచి అమ్మ పక్కన కింద కూర్చున్నాడు. అది చూసి నాగవేణి పెదవి కొరుక్కుంది.

"అన్నా, పోయిన వారం అడిగినా నిన్ను. మొదటిసారి ఎప్పుడు తాగినావని. ఏమన్నావు?"

"ట్యాంకర్ ఎక్కిన కొత్తలో అని చెప్పినా. ఇరవై రెండేళ్ళప్పుడు. క్వార్టరు."

"మరి అయిదేళ్ళప్పుడు?"

"అది మూత గదా మేడం."

"దాంట్లో ఏముంటది?"

కేశవులు అమ్మ వైపు చూసినాడు. "ఏముంటదిమా? వాము... బెల్లం..."

"సారా ఉంటది," అంది వెంకటసుబ్బులమ్మ. సిగ్గు పడలేదు. భయపడలేదు. "నాటుసారా. అది దొరక్కపోతే బ్రాందీ. ఏం, దొంగతనం చేసినానా? పలకల షెడ్డులో అందరూ పట్టినారు. నన్నొక్కదాన్ని అడుగుతావేం?"

"అడగడం లేదు పెద్దమ్మా. చెప్పమంటున్నా."

ముసలామె చెప్పింది. ఎవరన్నా అడుగుతారేమోనని ఇన్నేళ్ళు కూర్చున్నట్లు చెప్పింది.

"రాయి కోసి బడిపలకలు చేసే ఆ షెడ్డు ఎట్లుంటదో నీకు తెలీదు తల్లీ. రంపం రాయి మీద పడిందంటే లేచే దుమ్ముకు పక్క మనిషి కనపడడు. ఎంగిలి ఊస్తే నల్లగా పడేది. వీని నాయన గోడలు కట్టే బేల్దారి పనికి ఊర్లు పట్టుకోని పోయేటోడు, ఎప్పటికో వచ్చేటోడు. వీణ్ణి యాడ ఇడిచిపెట్టాల? నాతోనే షెడ్డుకు. కోసిన పలకలు గుడ్డతో తుడిచి పేర్చేటోడు. మంచి పనిమంతుడు, ఒక్క పలక పగలగొట్టలా. సాయంత్రం పని దిగేటప్పుడు మేస్త్రీ క్యాను పట్టుకోని వాకిట్లో నిలబడేటోడు. మనిషికో మూత. గొంతులో దుమ్ము కడుపులోకి దిగి పోతాదని. కూలీ ఎట్లనో మూత అట్ల. వద్దన్న ఆడోళ్ళను 'టీచరమ్మ' అని ఎగతాళి పట్టేటోళ్ళు."

"వీనికి దగ్గు పట్టుకుంది. రాత్రంతా దగ్గు. డొక్కలు ఎగిరిపడేవి. గవర్నమెంటాసుపత్రికి పోతే తెల్లబిళ్ళలిచ్చినారు, తగ్గలా. మేస్త్రీ అన్నాడు, 'పెద్దోళ్ళకు దిగే దుమ్ము పిల్లోళ్ళకు దిగదా సుబ్బులూ, వానికీ ఓ మూత పట్టు' అని. బెల్లం కలిపి పట్టినా. ఆ రాత్రి వీడు దగ్గలా. నిద్రపోయినాడు." ఆగింది. "నేనూ నిద్రపోయినా. ఎన్నాళ్ళకో."

ఈ దేశంలో పిల్లలు అ ఆలు దిద్దడానికి మార్కాపురం పలకలు పోయినాయి. ఆ పలకలు తుడిచి పేర్చిన పిల్లోడికి మాత్రం బడి వాకిలి ఎవడూ చూపించలేదు, ముక్కుకు ఇంత గుడ్డ ఎవడూ కట్టలేదు. సారా మూత కట్టబెట్టినారు. గుడ్డకు ఖర్చవుతది. మూతకు కూడా ఖర్చవుతది గానీ, మూత తాగినోడు మళ్ళీ తెల్లారి పనికొస్తాడు, ఎదురు మాట్లాడడు. ఆ లెక్క షెడ్డు యజమానికి బాగా తెలుసు. వెంకటసుబ్బులమ్మకు తెలిసింది ఒక్కటే, పిల్లోడు నిద్రపోయినాడు.

"ఎన్నాళ్ళు పట్టినారు?" అడిగింది ముబాషిరా.

"దగ్గొచ్చినప్పుడల్లా."

"దగ్గు ఎప్పుడొచ్చేది?"

"రోజూ వచ్చేది."

"ఎప్పటిదాకా?"

"వాడు పెద్దోడయ్యేదాకా. ఆమీద వాడే పట్టుకున్నాడు."

కేశవులు నవ్వబోయినాడు. నవ్వు సగంలో ఎటో పోయింది. అతని తలలో ఏదో తిరుగుతాంది, ట్యాంకర్ ఖాళీగా పోయేటప్పుడు అడుగున మిగిలిన నీళ్ళు ఇటు కొట్టి అటు కొట్టినట్లు. అమ్మ ఒళ్ళో తల. అమ్మ చేతి వాసన. బెల్లపు తీపి, ఆ వెనక గొంతులో మంట, ఆ వెనక ఛాతీ అంతా వెచ్చగా పరుచుకోని, షెడ్డు లేదు, రంపం చప్పుడు లేదు, అమ్మ పాట ఒక్కటే. అతను పుట్టి బుద్ధెరిగినంక చూసిన సుఖమంటే అదే. ట్యాంకర్ ఎక్కిన కొత్తలో క్లీనరు క్వార్టరు పోసిచ్చినప్పుడు మొదటి గుక్కకే ఇంటికొచ్చినట్లు ఎందుకనిపించిందో అప్పుడు తెలియలా. ఇప్పుడు తెలుస్తాందా? తెలుస్తున్నట్లే ఉంది, మళ్ళీ చేతికి చిక్కడం లేదు. ఇది ప్రేమా, కాదా? ప్రేమే గదా. మరి దీన్ని ఏ ప్రశ్న కింద చెయ్యెత్తి చెప్పాల?

ముబాషిరాకు కూడా తెలియడం లేదు. ఆమె నేర్చుకోని వచ్చిన పది ప్రశ్నల్లో కొట్టినారా ఉంది, తిట్టినారా ఉంది, పస్తు పెట్టినారా ఉంది. ఒళ్ళో పండుకోబెట్టుకోని పాట పాడి తాపినారా అని లేదు.

"మా," అన్నాడు కేశవులు. "నాయన నిన్ను కొట్టింది..."

ముసలామె మొహం తిప్పుకుంది.

"ఎందుకు కొట్టినాడుమా ఆ రోజు? తాగొచ్చి కొట్టినాడు గదా? నేను చెయ్యి కొరికినా ఆయన్ని. వీధంతా సీసా పెంకులు. నా కాలికి గుచ్చుకుంది, మచ్చ ఇంకా ఉంది."

"ఇప్పుడెందుకురా అయన్నీ?"

"చెప్పు పెద్దమ్మా," అంది ముబాషిరా.

"ఆ పొద్దు చెప్పా పెట్టకుండా దిగినాడు. వచ్చేతలికి నేను వీనికి మూత పడ్తన్నా. సీసా గుంజుకోని వీధిలో యేసి కొట్టినాడు. 'పిల్లోణ్ణి సంపుతన్నావే' అని నా జుట్టు పట్టి బయటికి ఈడ్చినాడు. జనం పోగైనారు. నన్ను కొడ్తాంటే ఊరుకుంటారా? ఆయన్నే నాలుగు తన్ని పంపించినారు. మళ్ళీ రాలా."

"తాగి ఉన్నాడు గదా?"

ముసలామె నేల మీద వేలితో గీత గీసింది.

"మీ నాయన తాగేటోడు కాదురా."

"నువ్వే చెప్తివే తాగుబోతని! వీధంతా చెప్పింది!"

"వీధి చెప్పింది. నేను కాదనలా."

ఒక్క మార్కు. అతను చెయ్యెత్తిన ఒకే ఒక్క ప్రశ్న. అది కూడా తలకిందులై కూర్చుంది. పిచ్చయ్య గిద్దలూరులో చచ్చిపోతే కబురొచ్చింది, కేశవులు పోలేదు. పోకపోగా ఆ రోజు కూడా తాగినాడు, తాగుబోతు నాయన చచ్చినాడని సంతోషంగా తాగినాడు. తాగనోడి చావుకు తాగినాడు.

"అయితే నాయన మంచోడా?" అడిగినాడు. ఎవర్ని అడిగినాడో తెలియదు. ముబాషిరాను చూసి అడిగినాడు, గోడను చూసి అడిగినాడు.

జవాబు నాగవేణి చెప్పింది. "ఏం మంచోడు? జుట్టు పట్టి ఈడ్చినోడు మంచోడా? సంపుతాందని అంత తెలిసినోడు బిడ్డను సంకనేసుకోని పోవాల గదా. సీసా పగలగొట్టి, నిన్ను మళ్ళీ ఆ చేతుల్లోనే పెట్టి, ఆయన దారిన ఆయన పోయినాడు. ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. ఎవరూ మంచోళ్ళు కాదు."

"నేను చెడ్డదాన్నే?" ముసలామె గొంతు లేచింది. "నాతో షెడ్డులో పని చేసినోళ్ళ పిల్లలు ఎంతమంది మిగిలినారో పోయి అడుగు! దగ్గి దగ్గి నెత్తురు కక్కి పోయినారు. రాధాకుమారి ఇద్దరు బిడ్డల్ని పూడ్చింది. నా కొడుకు బతికినాడు. ట్యాంకర్ తోలినాడు, పెండ్లి చేసుకున్నాడు, బిడ్డను కన్నాడు. నా మూతే బతికించింది వాణ్ణి. నువ్వొచ్చి నాకు చెప్తావా?"

'అది కాదు పెద్దమ్మా, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతది, సారా కడుపులోకి పోతది, రెంటికీ సంబంధం లేదు' అని ముబాషిరా చెప్పబోయింది. ముసలామె కండ్లు చూసి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఒక మనిషి పట్టుకోని వేలాడిన కొమ్మను ఆదివారం పూట ఒక్క మాటతో ఎట్ల నరకాల?

నాగవేణికి అంత సందేహం లేదు. కుర్చీ ముందుకు జరుపుకోని మొగుని ఎదురుగా కూర్చుంది.

"నా ప్రశ్నకు జవాబు చెప్పు ఇప్పుడు. మొదటిసారి ఈడినుంచి ఇంటికొచ్చినావు. బాగున్నావు. పాపను బడికి దింపినావు. వారం తిరక్కముందే పడిపోయినావు. ఆ వారంలో ఏమైంది?"

"నిద్ర పట్టలా నాగా. కాళ్ళు గుంజేటివి. తెల్లారిందాకా అట్లనే కూర్చునేటోణ్ణి."

"అప్పుడు?"

"అప్పుడు... అమ్మ చూసి..." కేశవులు ఆగినాడు. ఈ మాట అతను ఎన్నడూ దాచలేదు. దాచాల్సిందని ఎన్నడూ అనుకోలేదు. చెప్పాల్సిందని కూడా అనుకోలేదు. "మూత ఇచ్చింది."

"రెండోసారి?"

"అదే. మూత... అది తాగుడు కాదనుకున్నా నాగా. నిజంగా అనుకున్నా. బయట కొనలేదు గదా. అమ్మ ఇచ్చింది గదా."

నాగవేణి అతన్ని చూసింది. మూడేళ్ళుగా ఆమె ఈ మనిషిని తిట్టింది, మొక్కులు మొక్కింది, తాయెత్తు కట్టింది, స్నేహితుల ఇండ్లకు పోయి గొడవ పెట్టుకుంది, ట్యాంకర్ ఓనర్ కాళ్ళు పట్టుకుంది. ఊరంతా వెతికింది వీడికి ఎవడు తాపిస్తన్నాడా అని. తన వంటింట్లో వెతకలేదు.

"దొరికింది," అంది. "నా జవాబు దొరికింది."

"అయితే ఇంటికి తీసుకపోతావా?" చిన్నపిల్లోడి మాదిరి అడిగినాడు కేశవులు.

ఆమె జవాబు చెప్పబోయింది. ఆమె చూపు బల్ల మీద పెట్టిన గోధుమరంగు సీసా మీద పడి ఆగిపోయింది. దాని మీద అంటించిన కాగితం ఆమెకు తెలుసు. మార్కాపురంలో పిల్లల డాక్టరు రాసిన సిరప్. తనే కొనుక్కొచ్చింది.

"అత్తా. ఈ సీసా పాపది గదా."

ముసలామె కొంగు సర్దుకుంది.

"ఎన్నాళ్ళు పోసినా అయిపోదేంది ఈ సిరప్ అనుకున్నా. మా అత్త జాగ్రత్త మనిషి, చుక్క చుక్క పోస్తాందిలే అనుకున్నా." నాగవేణి లేచి నిలబడింది. "పాపకు ఏం పడ్తన్నావు?"

"మన వీధి వెనక పలకల పొడి కుప్పలు పోసినారు గదమ్మా... గాలికి ఇంట్లోకే వస్తాంది... పిల్ల నిద్రపోతలా..."

"ఏం పడ్తన్నావు అత్తా!"

"నువ్వు దుకాణానికి పోతే పగలంతా చూసేది నేను! దగ్గితే నా ప్రాణం పోతాది! కొంచెమే, మూతలో సగం..."

"ఈ పొద్దు పట్టినావా?"

"తెల్లార్తో పట్టినా. పద్మమ్మకు కూడా చిన్న సీసాలో పోసిచ్చి వచ్చినా, మళ్ళీ దగ్గితే పట్టమని. సిరప్పే అని చెప్పినా."

నాగవేణి ఫోన్‌లో పద్మమ్మ పేరు తీసింది. ముబాషిరా అందుకోని నంబర్ కలిపి స్పీకర్ పెట్టింది. మోగింది. మోగింది.

"ఆ, నాగవేణీ," పద్మమ్మ గొంతు. వెనక టీవీ చప్పుడు. "మీ ఆయన బాగున్నాడా?"

"పాప ఏం చేస్తాందక్కా?"

"పండుకునే ఉందమ్మా. మీరు పోయినంక దగ్గింది. మీ అత్త ఇచ్చిన సిరప్ పట్టినా. తాగనని ఏడ్చింది, ముక్కు మూసి మొత్తం పట్టినా. అప్పట్నుంచి ఒకటే నిద్ర. ఇంత రొట్టె తింటదని ఇందాక లేపినా, కండ్లు తెరిచి మళ్ళీ మూసింది. ఒళ్ళేందో చల్లగుంది. ఫ్యాను కింద పండుకోబెట్టినా గదా, అందుకేమో..."

"పద్మమ్మక్కా, నేను కేంద్రం నుంచి ముబాషిరాను," గట్టిగా అరిచింది ముబాషిరా. "పాపను ఒక పక్కకు తిప్పి పండుకోబెట్టు. నోట్లో ఏమీ పోయొద్దు, నీళ్ళు కూడా. ఊపిరి చూస్తానే ఉండు. 108 నేను పిలుస్తన్నా, మార్కాపురం ఆసుపత్రికి తెస్తారు, నువ్వు కూడా ఎక్కు. ఆ చిన్న సీసా పట్టుకోని రా."

"ఏమైంది తల్లీ? ఏం చేసినా నేను?"

జవాబు చెప్పడానికి నాగవేణి అక్కడ లేదు. చెప్పులు లేకుండా గేటు కాడికి పరుగెత్తింది. ఏం జరిగిందో తెలియకపోయినా షరీఫ్ రోడ్డు మీదికి దూకి, పోతున్న ఆటోకు అడ్డం నిలబడినాడు. కిటికీ చువ్వలకు మొహం ఆనించి వసీం, "ఆస్పత్రికి తమ్ముడూ, దారిలో యాడా ఆపొద్దు!" అని డ్రైవర్‌కు కేకేసినాడు.

కేశవులు వెనకే పరుగెత్తినాడు. గేటు కాడ ఆగినాడు. అతన్ని బయటికి పంపాలంటే ఇంటి మనిషి ఒప్పుకోవాల, అది రూలు. ముబాషిరా ఆటో ఎక్కుతున్న నాగవేణిని చూసింది. నాగవేణి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

"పంపండి. నా బిడ్డకు నాయన. రానీ."

షరీఫ్ వెనక్కొచ్చి గొళ్ళెం తీసినాడు. కేశవులు బయట కాలు పెట్టినాడు. వెనక నుంచి అమ్మ చెయ్యి అతని చొక్కా పట్టుకుంది.

"నేనూ వస్తారా. నా మనవరాలు అది. నేను పెంచినా దాన్ని."

"ఆమె ఎక్కితే నేను దిగుతా," ఆటోలోంచి అంది నాగవేణి. అరవలేదు. "నడుచుకుంటానైనా పోతా. ఆమె నా పాప మొహం చూడకూడదు."

"షరీఫ్ భాయ్, పెద్దమ్మను నా గదిలో కూర్చోబెట్టు," అంది ముబాషిరా. అప్పుడు చూసింది ముసలామె వేళ్ళను. సీసా గుంజుకున్నప్పట్నుంచీ వణుకుతానే ఉన్నాయి. వయసు వణుకు కాదది. ఆ గోడౌనులో చేరిన ప్రతి మగోడి చేతుల్లో మొదటి రోజు చూసిన వణుకే. "పెద్దమ్మా... మీరు రోజుకు ఎన్ని మూతలు వేసుకుంటారు?"

"నాకు దగ్గు తల్లీ," అంది వెంకటసుబ్బులమ్మ. "నాది దగ్గే."

మగోళ్ళకు ఇక్కడ మంచాలున్నాయి. ఆడమనిషికి ఈ గోడౌనులో మంచం లేదు. తాగే ఆడోళ్ళు లేరనే లెక్కతో అందరూ కట్టిన ఇల్లిది.

షరీఫ్ ముసలామె భుజం పట్టి లోపలికి నడిపించబోయినాడు. ఆమె కదల్లేదు. గేటు మూసుకుంటుంటే చువ్వల సందులోంచి రెండు చేతులూ చాచింది.

"నాయనా, కేశవా, నన్నీడ ఇడిచిపెట్టి పోవద్దురా. నేనేం చేసినారా నిన్ను? నిద్రపుచ్చినా. అంతే గదరా. నిద్రపుచ్చినా!"

"ఎక్కుతావా లేదా?" అంది నాగవేణి.

ఎవరి వైపు తిరగాలో కేశవులు మెడకు తెలియలేదు. తనను బతికించిన చేతులు అవి. తనను ఈ గతికి తెచ్చిన చేతులు అవి. ఆ రెండూ రెండు జతలైతే ఎంత బాగుండేది. ఒక జత ముద్దు పెట్టుకోని, ఇంకో జత విరిచేసి పోయేటోడు.

డ్రైవర్ ఆటో స్టార్ట్ చేసినాడు. అది కదిలింది. కేశవులు పిడికిట్లో ఇనుప చువ్వ ఒకటి బిగుసుకోని ఉంది. అది గేటుదో ఆటోదో అతనికే తెలియలేదు.